కొంగ గారి మోకాలు

అనగనగా గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి. సగం నేల మీద, సగం నీళ్లలో ఉండే అడవి అది. అక్కడి నీరు పూర్తిగా తీపీ కాదు, పూర్తిగా ఉప్పూ కాదు. రోజుకు రెండుసార్లు సముద్రం పొంగి పాయలోకి వస్తుంది. దాన్ని పోటు అంటారు. రెండుసార్లు వెనక్కి పోతుంది. దాన్ని పాటు అంటారు. పౌర్ణమికి వచ్చే పోటు మామూలు రోజుల పోటు కంటే పెద్దది. పిల్లలూ, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

ఆ అడవిలో జంతువులూ పక్షులూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. పేరు మొగ పరిశోధక సంఘం. నది సముద్రంలో కలిసే చోటుని అక్కడ మొగ అంటారు. ఏడాదికోసారి సభ జరిగేది. ఎవరేం కనిపెట్టారో అక్కడ చదివి వినిపించాలి. సభ రోజున ఒకరినొకరు తినకూడదని నియమం. అందుకని సభ్యులంతా ముందే కడుపునిండా తినొచ్చేవారు. చేపలకి ఆ నియమం మీద చాలా గౌరవం. అయినా దూరంగా నీళ్లలో ఉండే వినేవి.

సంఘానికి అధ్యక్షుడు నీలాచలం అనే కొంగ. బూడిదరంగు రెక్కలు, పొడుగు మెడ, అంతకంటే పొడుగు కాళ్లు. కార్యదర్శి గవర్రాజు అనే నీటికుక్క. ఎక్కడ ఎంత లోతుందో కొలిచే పని మొదటి నుంచీ నీలాచలం గారిదే. ఆయన నీళ్లలో దిగి నిలబడేవారు. గవర్రాజు తాటాకు పుస్తకంలో రాసుకునేవాడు. 'మోకాలి లోతు', 'మోకాలికి తక్కువ', 'మోకాలు దాటి.' ఎవరి మోకాలు అనే అనుమానం ఎవరికీ రాలేదు.

ఆ ఏడు మాఘమాసంలో ఒక అతిథి వచ్చింది. గంగాలమ్మ అనే సముద్రం తాబేలు. ఎక్కడో దూరం నుంచి ఈదుకుంటూ వచ్చింది.

"నా కడుపులో నూరు గుడ్లున్నాయండి," అంది గంగాలమ్మ. "ఇసుకలో పాతిపెడితే యాభై రోజులకి పిల్లలవుతాయి. ఈలోగా వాటి మీదికి ఉప్పునీరొచ్చి నిలిస్తే అన్నీ కుళ్లిపోతాయి. కిందటిసారి ఒక్కటీ దక్కలేదు. తమరు చదువుకున్నవారు. ఎక్కడ పెట్టమంటారో చెప్పండి. సాయంత్రం దాటితే నేనింక మోయలేను."

"మా సంఘం ఉన్నదే అందుకమ్మా," అన్నారు నీలాచలం గారు.

ఎప్పుడూ సభ పోటు చిన్నగా ఉండే అష్టమి నాడు, పడిపోయిన పెద్ద మడచెట్టు మొద్దు మీద జరిగేది. గంగాలమ్మ మొద్దెక్కలేదు కదా. అందుకని ఈసారి ఉత్తరపు ఇసుకదిబ్బ మీద పెట్టారు. ఆమె వచ్చింది పౌర్ణమి నాడు కాబట్టి ఆ పొద్దున్నే పెట్టారు.

గవర్రాజు పుస్తకం తిప్పి, గొంతు సవరించుకుని చదివాడు. "ఉత్తరపు దిబ్బ. ఎంత పెద్ద పోటొచ్చినా నీరు మోకాలు దాటదు. కాబట్టి మెరక."

"విన్నారుగా," అన్నారు నీలాచలం గారు. "ఇంత మెరక మరెక్కడా లేదు. సభ కాగానే తీర్మానం చేసి ఇచ్చేస్తాం. తమరు నిశ్చింతగా ఇక్కడే గుడ్లు పెట్టుకోవచ్చు."

అప్పుడు పక్కనున్న బొరియలోంచి ఒక ఎర్రపీత బయటికొచ్చింది. పేరు పోలమ్మ. ఆ దిబ్బ మీదే పుట్టి, అక్కడే ముసలిదైంది.

"అయ్యా, మోకాలంటే ఎవరి మోకాలండి?" అంది.

సభలో నవ్వులు లేచాయి. గవర్రాజు కూడా నవ్వి, "పత్రాలు చదివాక ప్రశ్నలు, పిన్నిగారూ. ముందు పత్రాలు," అన్నాడు.

మొదటి పత్రం ఉల్లంకి పిట్టది. 'ఎడమగట్టు పురుగుకీ కుడిగట్టు పురుగుకీ రుచిలో తేడాలు.' మూడేళ్లు తిని రాసిన పత్రం. అది చదువుతూ ఉండగానే సముద్రం వైపు నుంచి ఒక సన్నని నీటిచాలు వచ్చి గవర్రాజు తోకని తడిపింది. గవర్రాజు తోక ముడుచుకుని, వినడంలో మునిగిపోయాడు.

పోలమ్మ మళ్లీ ముందుకాలు ఎత్తింది. "అయ్యా, పత్రమైంది కదా. ఎవరి మోకాలో చెప్పలేదు."

"సంఘంలో ప్రశ్నలు సభ్యులే అడగాలి," అన్నాడు గవర్రాజు. "తమకి సభ్యత్వం ఉందా?"

"నా ఇల్లే ఇక్కడుంది."

"ఇల్లు వేరు, సభ్యత్వం వేరు పిన్నిగారూ."

రెండో పత్రం నీటిపిల్లిది. 'నన్ను చూస్తే చేపలు ఎందుకు పారిపోతాయి?' పిల్లి చాలాసేపు చదివి, చివరికి, "కారణం ఇంతవరకు తెలియలేదు. ఇంకో ఏడాది గడువు కోరుతున్నాను," అంది. నీళ్లలో ఉన్న చేపలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. అప్పటికి నీరు ఉల్లంకి పిట్ట పొట్టని తాకుతోంది. సభ మధ్యలో లేస్తే బాగుండదని అది ఒంటికాలి మీద నిలబడింది.

పోలమ్మ ఇక ఆగలేదు. నేరుగా అధ్యక్షుడి కాళ్ల దగ్గరికే వెళ్లి నిలబడింది. తల పైకెత్తితే ఆయన మోకాలు ఎక్కడో కొబ్బరికాయలా కనబడింది.

"బాబూ, నాకు చదువు లేదు. కానీ ప్రతి పౌర్ణమికీ పోటొచ్చి నా ఇల్లు మునుగుతుంది. మునిగినప్పుడల్లా ఇంకొంచెం పైకెళ్లి కొత్త బొరియ తవ్వుకుంటాను. ఇప్పటికి ఆరు తవ్వాను. నేను బయటికొచ్చింది ఆరోదాంట్లోంచే. అదీ మునుగుతుందని ఏడోది నిన్ననే పైన, తీగల మధ్య తవ్వుకున్నాను. పది అడుగులు నడిస్తే ఆ ఏడో గుమ్మం కనబడుతుంది. ఒక్కసారి వచ్చి చూడండి."

పది అడుగులే. కొంగ గారి కాళ్లకైతే మూడు. నీలాచలం గారు అటు చూశారు. పుస్తకం వైపు చూశారు. అది ఆయన ఏడేళ్ల కష్టం.

"సభ నడుస్తుండగా అధ్యక్షుడు లేచివెళ్లే ఆనవాయితీ లేదమ్మా," అన్నారు. "పుస్తకంలో ఉన్నదాన్ని ఒక బొరియ చూసి మార్చలేం. గవర్రాజూ, తీర్మానం చదువు."

గవర్రాజు చదివాడు. రెక్కలున్నవారు రెక్కలెత్తారు, కాళ్లున్నవారు కాళ్లెత్తారు. ఉల్లంకి పిట్ట రెక్కతో పాటు రెండో కాలు కూడా పైకి తీసి, నీళ్లలో పడింది. తీర్మానం ఏకగ్రీవమైంది.

"ఉత్తరపు దిబ్బ మెరక," అన్నాడు గవర్రాజు, మెడ వరకు నీళ్లలో ఉండి.

గంగాలమ్మ సంతోషంగా కాస్త పైకి జరిగి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. జానెడు తవ్వింది. అడుగున తడి తగిలింది. పోలమ్మ పరుగున వెళ్లి గొయ్యి అంచున నిలబడింది.

"అక్కా, నన్ను నమ్ము. ఒక్క గుడ్డు కూడా పెట్టకు. ఈ పోటు తీసేదాకా ఆగు."

"తీర్మానం అయిపోయిందిగా, చెల్లీ."

"పోటుకి తీర్మానం చదివి వినిపించినవాళ్లు ఎవరూ లేరక్కా."

గంగాలమ్మకి కడుపు బరువుగా ఉంది. ఇక మోయలేనన్నంతగా ఉంది. అయినా కిందటిసారి కుళ్లిపోయిన నూరు గుడ్లు కళ్ల ముందు మెదిలాయి. ఎలాగో ఓర్చుకుని ఆగింది.

అవతల గవర్రాజు వందన సమర్పణ మొదలుపెట్టాడు. పెద్దల పేర్లు సగం చదివేసరికి పోటు పూర్తిగా వచ్చేసింది. తాటాకు పుస్తకం తేలిపోయింది. గవర్రాజు దాని వెనక ఈదుకుంటూ పోయాడు. నీటిపిల్లి మడచెట్టెక్కి, పత్రం పిండుకుంది. గంగాలమ్మ తవ్విన గొయ్యి నిండిపోయి, గుర్తు కూడా లేకుండా పూడిపోయింది.

నీలాచలం గారు మాత్రం కదల్లేదు. ఒంగి తన కాళ్ల వైపు చూసుకున్నారు. నీరు మోకాలికి రెండు వేళ్లు కిందే ఆగింది.

"చూశారా," అన్నారు గంభీరంగా. "మోకాలు దాటలేదు. పుస్తకం తప్పు కాదు."

 తల ఎత్తి చూస్తే సభ లేదు. కనుచూపు మేర నీళ్లు. నీళ్ల మధ్య ఆయనొక్కరే పొడిమోకాళ్లతో నిలబడి ఉన్నారు. గంగాలమ్మ మెల్లగా ఈదుకుంటూ ఆయన దగ్గరికొచ్చింది.

"పుస్తకం తప్పని నేననను బాబూ," అంది. "కానీ గుడ్లకి మోకాళ్లుండవండి."

నీలాచలం గారు మరోసారి తన మోకాళ్ల వైపు చూసుకున్నారు. తరవాత, "పోలమ్మగారి ఏడో గుమ్మం ఎటు?" అని అడిగారు.

పోలమ్మ ముందు అడ్డంగా నడిచింది. అధ్యక్షుడు వెనకాల నిలువుగా నడిచారు. మూడు అడుగుల్లోనే చేరారు. కింది ఆరు గుమ్మాలూ మునిగిపోయాయి. ఏడో గుమ్మం ముందు మాత్రం ఇసుక పొడిపొడిగా ఉంది. నీలాచలం గారు మెడ నేలకి ఆనించి, పీత కళ్లున్నంత ఎత్తు నుంచి ఒకసారి దిబ్బ పైవైపు చూశారు. తన ఎత్తు నుంచి ఎప్పుడూ చదునుగా కనబడే దిబ్బ, అక్కణ్ణుంచి చూస్తే కొండలా ఉంది.

"మూడుసార్లు అడిగారు. నేను మూడు అడుగులు వేయలేదు. తప్పు నాదే పోలమ్మగారూ," అన్నారు.

"పోనీలెండి. ఇప్పుడొచ్చారుగా," అంది పోలమ్మ. "కాస్త ముక్కు జరపండి, గుమ్మానికి అడ్డమొస్తోంది."

ఆ సాయంత్రమే గంగాలమ్మ ఏడో గుమ్మానికి పైన నూరు గుడ్లు పెట్టి, సముద్రంలోకి వెళ్లిపోయింది. మరుసటి పౌర్ణమికి పోటు వచ్చింది, ఏడో గుమ్మం ముందుదాకా వచ్చి, వెళ్లిపోయింది. యాభయ్యో రోజున ఇసుక కదిలింది. అరచేతిలో పట్టేంత తాబేలుపిల్లలు బయటికొచ్చి, సముద్రం వైపు పాకాయి. ఆ రోజుని కూడా సభ రోజుగా ప్రకటించారు. ఎందుకో మీకు తెలుసు.

ఆరిన తాటాకు పుస్తకంలో గవర్రాజు ఉత్తరపు దిబ్బ పేరు కొట్టేసి, 'పోలమ్మగారి ఏడో గుమ్మానికి పైన మెరక' అని రాశాడు. కింద 'కొలిచినవారు: పోలమ్మ, సభ్యురాలు' అని కూడా రాశాడు.

పాకుతున్న పిల్లల్లో ఒకటి నీలాచలం గారి కాలివేలికి తట్టుకుని వెల్లకిలా పడింది. ఆయన మెడ వంచి, జాగ్రత్తగా ముక్కుతో దాన్ని సరిగా నిలబెట్టారు. కళ్లు చికిలించి ఎంతోసేపు చూశారు.

"రాసుకో గవర్రాజూ," అన్నారు. "దీని మోకాలు ఎక్కడుందో నాకు కనబడలేదు."

నీతి: కొలిచిన కొలత నిజమైనా, అది ఎవరి కోసమో వారికి సరిపోతుందో లేదో చూసుకోవాలి; అక్కడ బతికేవారు పిలిస్తే మూడడుగులు నడిచి వెళ్లి చూడాలి.