సగటు జీవి ఎక్కడుంటాడు?

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పని దొరికేది రెండే చోట్ల, పిల్లలూ. ఒకటి సింహం గారి కొలువు. రెండోది ఏనుగు గారి రేగు తోట. కొలువులో ఎవరికైనా రోజుకు ఆరు రేగుపళ్లు జీతం. ఎన్నేళ్లు చేసినా ఆరే. తోటలో మాత్రం ఎవరికి ఎంత ఇస్తారో బయటివాళ్లకు తెలిసేది కాదు.

ఎక్కడ ఎంత జీతమో ఏటా అడవంతటికీ చాటే పని పలుకులమ్మది. పలుకులమ్మ ఒక గోరువంక. దాని గొంతు మహా తియ్యన. ఆ సంగతి దానికీ బాగా తెలుసు. అదే వచ్చిన చిక్కు!

ఆ ఏడు అది తోటకు వెళ్లి అందరినీ అడిగింది. అందరూ అంటే ముగ్గురే. ఎలుగుబంటి మేస్త్రీకి ఇరవై ఆరు పళ్లు. కుందేలుకు రెండు. ముళ్లపందికి రెండు. అన్నీ కలిపి ముగ్గురికీ సమానంగా పంచితే తలకు పది వస్తాయి. కిందటేడు ఇలాగే లెక్కేస్తే ఎనిమిదే వచ్చాయి. పెరిగిందల్లా మేస్త్రీ వాటానే.

"ఎవరికెంతో విడివిడిగా చెప్పమ్మా," అంది కొలువులో ఉండే ముసలి తాబేలు.

"అంత పొడుగు పాట ఎవరు వింటారు తాతా?" అని పలుకులమ్మ ఎత్తైన కొమ్మెక్కింది. రాగం తీసింది.

"కొలువులో సగటు జీవికి ఆరు పళ్లహో! తోటలో సగటు జీవికి కిందటేడు ఎనిమిది, ఈ ఏడు పదహో!"

అడవంతా భేష్ అంది. పలుకులమ్మ ఉబ్బిపోయింది.

కొలువులో నూకాలు అనే ఉడుత ఉండేది. తోకతో సింహం గుహ ఊడవడం దాని పని. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆరు పళ్లతో గుట్టుగా నెట్టుకొస్తోంది. పది అనగానే దానికి నోరూరింది. రోజూ నాలుగు పళ్లు ఎండబెట్టి దాచుకుంటే వేసవిలో పిల్లలు పస్తుండక్కర్లేదు అనుకుంది. కొలువు మానేసి తోటలో చేరింది.

సాయంత్రం మేస్త్రీ దాని చేతిలో రెండు పళ్లు పెట్టాడు.

"పది కదండీ మేస్త్రీ గారూ?" అంది నూకాలు.

"ఎవరన్నారు?"

"పలుకులమ్మక్క చాటింది కదండీ, సగటు జీవికి పది అని."

ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే పోయి ఆ సగటు జీవినే అడుగు, పో!"

నవ్వకండి పిల్లలూ. నూకాలు ఆ మాట నిజమే అనుకుంది. సగటు జీవి అనే ఆయన ఎవరో తోటలో ఉన్నాడనుకుంది.

"సగటు జీవి మీరేనా అన్నా?" అని కుందేలును అడిగింది.

"నాకు వచ్చేది రెండు. నేనెలా అవుతానమ్మా?" అంది కుందేలు.

ముళ్లపందిని అడిగింది.

"నాకూ రెండే. మేస్త్రీకేమో ఇరవై ఆరు. పది పళ్లు తీసుకునేవాణ్ణి ఈ తోటలో నేనింతవరకూ చూళ్లేదు," అంది ముళ్లపంది.

నూకాలు కొలువుకు పరిగెత్తింది. అక్కడ దాని పని అప్పటికే ఇంకో ఉడుతకు ఇచ్చేశారు. ఇక చేసేది లేక, ఆకలితో నకనకలాడుతున్న పిల్లల్ని వెంటేసుకుని పలుకులమ్మ దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆ సగటు జీవి ఎక్కడుంటాడో కాస్త చెబుతావా? నా పళ్లు పొరపాటున ఆయనకు పోతున్నట్టున్నాయి. కాళ్లావేళ్లా పడి అడుక్కుంటాను. నిన్నేమీ అనడం లేదు సుమా. నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు."

పలుకులమ్మ సిగ్గుతో తల వాల్చేసింది.

"సగటు జీవి అంటూ ఎవరూ లేరు నూకాలూ," అంది. "నా పాటలో తప్ప ఎక్కడా లేడు. ఆ తోటలో చిన్నవాళ్లకు రెండే వస్తాయని నాకు ముందే తెలుసు. పాట అందంగా ఉండాలని చెప్పలేదు."

నూకాలు తిట్టలేదు. దాని వంక ఒక్కసారి చూసి, "పదండర్రా," అని పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది అనిపించింది పలుకులమ్మకు.

మర్నాడు అది మళ్లీ అదే కొమ్మెక్కింది. ఈసారి రాగం లేదు. ఎలుగుబంటికి ఇన్ని, కుందేలుకు ఇన్ని, ముళ్లపందికి ఇన్ని, వేరే దారి లేక తోటలోనే ఉండిపోయిన నూకాలుకు ఇన్ని అని విడివిడిగా చెప్పింది. తన తప్పు కూడా చెప్పింది. ఎవరూ భేష్ అనలేదు. ఏనుగు గారు మాత్రం నలుగురిలో మొహం చెల్లక చిన్నవాళ్ల జీతం నాలుగు పళ్లు చేశారు. కొలువులోలా ఆరైతే చేయలేదు.

ఆ రోజు నుంచి పలుకులమ్మ తన తిండిలోంచి రెండు పళ్లు తీసి నూకాలు తొర్ర ముందు పెట్టి, ఎవరూ చూడకముందే ఎగిరిపోయేది. ఒకనాడు పళ్లు పెడుతుండగా చిన్న ఉడుతపిల్ల తొంగి చూసింది. లోపలికి తిరిగి సంబరంగా అరిచింది.

"అమ్మా! సగటు జీవి వచ్చాడే! మన పళ్లు మనకు తెచ్చిచ్చాడే!"

పలుకులమ్మ రెక్కల్లో మొహం దాచుకుంది.

నీతి: పదిమందికి చెప్పే లెక్క వినసొంపుగా ఉంటే చాలదు. దాన్ని నమ్మి వచ్చే చిన్నవాడి చేతిలో నిజంగా ఎంత పడుతుందో అది కూడా చెప్పాలి.