ఏడు మూరల మూలపురుషుడు

నల్లగుట్టల నడుమ ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలేవాడు మేరునాథుడు. పేరులో మేరుపర్వతం ఉందికాని మనిషిలో లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి తలమీద గోపురమంత కిరీటం, కాళ్ళకింద పీటలంత పావుకోళ్ళు వేసుకునేవాడు. రాజుకంటే ముందు ఆయన పావుకోళ్ళ చప్పుడు సభకు వచ్చేది.

ఆ సభలో ఆసనమున్న ఆడమనిషి ఒక్కతే, ప్రోలమ. ఆస్థాన వైద్యుడి కూతురు. తండ్రి పోయాక, చిక్కుప్రశ్నలు విప్పడంలో ఆమెకు సాటి లేదని రాజే పిలిచి పీట వేయించాడు. ఆమె విప్పిన చిక్కులన్నీ పండితులు మరిచిపోయారు. ఆమె ఆడదన్న సంగతి మాత్రం ఒక్కరూ మరవలేదు. పీట మగవాళ్ళ కొలతకు చేసింది కావడంతో ప్రోలమ కాళ్ళు నేలకు ఆనేవి కావు. పొద్దుటినుంచి సాయంత్రందాకా గాలిలో కాళ్ళాడిస్తూనే రాజ్యతంత్రం నడిపేది.

ఒకనాడు కోటగోడకు రాయి తీస్తుంటే పాత రాక్షసగుడి ఒకటి బయటపడింది. నాలుగు పక్కలా బండలు నిలిపి, పైన ఒక బండ కప్పిన వెనకటికాలపు సమాధులను ఆ సీమలో అలాగే పిలుస్తారు. అంతేసి బండలు మోసినవాళ్ళు రాక్షసులే అయివుంటారని జనం నమ్మకం. లోపల కుండలు, ఒక పుర్రె, బోలెడు ఎముకలు ఉన్నాయి. ఒక మూల చెట్టువేళ్ళు చొరబడి, అక్కడేముందో అంతా తెల్లటి పిండి చేసిపెట్టాయి.

ఆస్థాన పండితుడు త్రివిక్రమ సోమయాజి ఆ ఎముకలను సభామండపంలో పేర్పించాడు. పైన పుర్రె. దానికింద దొరికిన వెన్నుపూసలన్నీ ఒకటే బారు. దానికింద తొడ ఎముకలు, ఒకదానికింద మరొకటి. పిక్క ఎముకలూ అంతే. మూరకర్ర పెట్టి కొలిస్తే ఏడు మూరలు తేలింది.

"ప్రభూ! తమ వంశానికి మూలపురుషుడు!" అన్నాడు సోమయాజి కన్నీళ్ళు పెట్టుకుని. "ఏడు మూరల మహాకాయుడు!"

రాజు గుండె ఉప్పొంగింది. తన పొట్టితనం పైపైదేనని, లోపల ఏడు మూరలూ ఎక్కడో దాగే ఉన్నాయని ఆయనకు ఆ క్షణంలో నమ్మకం కుదిరింది.

ప్రోలమ పీట దిగి ఎముకల పక్కన గొంతుకూర్చుంది. తండ్రి విరిగిన కాళ్ళు కట్టేటప్పుడు పక్కనే పెరిగిన మనిషి. ఎముక కనిపిస్తే చూడకుండా ఉండలేదు.

"కాలికి రెండేసి తొడ ఎముకలున్నాయే?" అంది.

"దేవాంశ" అన్నాడు సోమయాజి.

"ఈ సన్నటి ముంజేతి ఎముకకు శంఖపు గాజు ఉంది."

"వీరకంకణం."

"తమ దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి సోమయాజిగారూ. ప్రశ్నలే లేవు, పాపం."

మండపం పక్కన జాలీ తడిక వెనక కూర్చునే రాణివాసంలోంచి చిన్న నవ్వు వినబడింది. సోమయాజి ముఖం ముడుచుకుంది. ఆయన రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, కలియుగంలో మనిషి సగానికి సగం కుదించుకుపోతాడు. ఆ లెక్కన ఏడులో సగం, మూడున్నర మూరలైనా లేనివారు ఈ వంశం సభలో కూర్చోతగరు. స్తంభంమీద గీత గీయిద్దాం. గీతకు తగలని తల బయటికి."

రాజు మురిసిపోయి ముందుగా తానే స్తంభం దగ్గర నిలబడ్డాడు. కిరీటం గీతను దాటి పైకి పోయింది. సభంతా చప్పట్లు కొట్టింది. పండితులు ఒక్కొక్కరే మెడలు సాచి గట్టెక్కారు. చివర ప్రోలమ మిగిలింది. ఆమె తలకూ గీతకూ మధ్య జానెడు ఖాళీ.

"అయ్యో పాపం" అన్నాడు సోమయాజి తియ్యగా. "నీ బుద్ధికి వంక పెట్టడంలేదు అమ్మాయీ. కొలత అలా వచ్చింది, ఏంచేస్తాం!"

గీత ఎవరికోసం గీశారో ప్రోలమకు అర్థమైంది. కాని ఏడ్చి నిలుపుకునే పీట రెండురోజులు కూడా నిలవదని ఆమెకు తెలుసు.

"ప్రభూ, వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను. ఒక్క మాట. చచ్చిపోయిన మనిషి ఎత్తు తెలియాలంటే ఎముకలన్నీ బారుగా పేర్చనక్కర్లేదు. ఒక్క తొడ ఎముక చాలు. దాన్ని నాలుగింతలు చేసి బెత్తెడు తగ్గిస్తే, ఆ మనిషి బతికుండగా నిలబడిన ఎత్తు."

"ఎవరు చెప్పారు?" గద్దించాడు సోమయాజి.

"కాళ్ళు చెప్పాయి. మా నాన్న కట్టిన కాళ్ళు. కావాలంటే పరీక్షించండి. అడ్డంగా తెర కట్టండి. వెనక ఎవరినైనా నిలబెట్టి, తుంటి గుబ్బ నుంచి మోకాలిదాకా దారంతో కొలిచి, ఆ దారం ఒక్కటే నాకివ్వండి. ఎత్తు చెబుతాను. తప్పితే పీటే కాదు, ఈ ఊరే వదిలిపోతాను."

"తప్పకపోతే?" అన్నాడు రాజు.

"అప్పుడు అడుగుతాను ప్రభూ."

తెర కట్టారు. కొలవడానికి కొత్త వైద్యుడు వెనక నిలబడ్డాడు. పళ్ళెంలో మొదటి దారం వచ్చింది. ప్రోలమ దాన్ని నేలమీద కొసకు కొస ఆనించి నాలుగుసార్లు పరిచి, బెత్తెడు వెనక్కి జరిగి గీత గీసింది. "నాలుగు మూరలు నిండుగా. ఈయన మన గుమ్మాలన్నిటికీ తల కొట్టుకునే మనిషి." తెర పక్కకు జరిపితే ఏనుగుల మావటి బయటికొచ్చి, అలవాటుగా నుదురు తడుముకున్నాడు. కొలిస్తే సరిగ్గా నాలుగు మూరలు.

రెండో దారానికి ఆమె కాస్త ఆగింది. "మూడున్నర మూరలు. కాకపోతే నడుం వంగినా, వయసు మీదపడినా తొడకు తెలియదు. పడుచుతనంలో నిలబడిన ఎత్తునే పట్టుకుని కూర్చుంటుంది." బయటికి వచ్చింది వంటశాల ముసలాయన, కర్ర ఊతంగా. "నా పెళ్ళినాటికి అంతే ఉండేవాణ్ణి తల్లీ" అన్నాడు.

సభ గుసగుసలాడింది. సోమయాజి రాజు చెవిలో ఏదో ఊదాడు.

మూడో దారం రావడం ఆలస్యమైంది. ప్రోలమ తలెత్తి చూసింది. సింహాసనం ఖాళీగా ఉంది. దాని ముందు పావుకోళ్ళు విడిచి ఉన్నాయి. తెరకు పైన శిఖరం కనిపించి గుట్టు బయటపడుతుందని కాబోలు, కిరీటం కూడా మెత్తమీదే ఉంది.

పళ్ళెం వచ్చింది. దారం పొట్టిది.

ఎక్కువ చెబితే ఓడినట్టు, ఊరు వదలాలి. ఉన్నదున్నట్టు చెబితే రాజు తల తీయిస్తాడో, నాలుక కోయిస్తాడో. సోమయాజి చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. ప్రోలమ దారం పట్టుకుని తెరవైపు కాదు, ఎముకల వైపు నడిచింది. ఒక తొడ ఎముక పక్కన దారం పెట్టింది. ఆమె కళ్ళు మెరిశాయి.

"ఎత్తు తరవాత చెబుతాను. ముందు ఇది వినండి. ఈ దారం మూలపురుషుడి తొడ ఎముకతో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది! తెర వెనక ఉన్నవారెవరోకాని, ఆ వంశం రక్తమే!"

ఇక రాజు ఆగలేకపోయాడు. తెర తోసుకుని బయటికి దూకాడు. "చూశారా! నాదే! ఆ తొడ నాదే!"

"అయితే ఎత్తు కూడా చూద్దాం ప్రభూ, సభ కళ్ళారా చూస్తుంది" అంది ప్రోలమ.

ఆ ఊపులో రాజు వెళ్ళి స్తంభానికి ఆనుకున్నాడు. గీత ఆయన తలకు అరజానెడు పైన ఉంది.

రాజు తల తడుముకున్నాడు. కిరీటం లేదు. కాళ్ళు చూసుకున్నాడు. పావుకోళ్ళు లేవు.

"సోమయాజిగారూ," అంది ప్రోలమ నెమ్మదిగా, "గీతకు తగలని తల బయటికన్నారు. ఇప్పుడు ప్రభువులను పంపిస్తారా, గీతను చెరిపిస్తారా?"

సోమయాజి ఉత్తరీయం తీసి స్తంభం తుడవడం మొదలుపెట్టాడు.

రాజు ముఖం కందగడ్డయింది. "ఆగు ప్రోలమా! నా తొడ మూలపురుషుడి తొడతో సరిపోతే, ఆయన ఏడు మూరలేమిటి, నేను..." మిగతాది మింగేశాడు.

"ఆయన ఏడు మూరలు కాదు ప్రభూ. ఇవి ఇద్దరు మనుషుల ఎముకలు. తొడ ఎముకలు రెండు జతలు, చూడండి. లావుపాటి జత ఒక మగమనిషిది, ఆయన ఎత్తు పావు తక్కువ నాలుగు మూరలు. ఈ సన్న జత పక్కనున్న తుంటి ఎముక చూడండి, బిడ్డ తల పట్టేటంత వెడల్పు. శంఖపు గాజు కూడా ఆమెదే. ఆమె పుర్రె వేళ్ళపాలై పిండైంది, అంతే. ఆమె మూడుంబావు మూరలు. ఆమె ఎముకలు కూడా కలుపుకుని పేరిస్తేగాని ఆయన మహాకాయుడు కాలేదు. మగవాళ్ళ ఘనత కొలిచేటప్పుడు ఈ పొరపాటు మామూలే."

రాజు ఎముకల ముందు వంగి చూశాడు. "నా దారం ఏ జతతో సరిపోయింది?"

"సన్న జతతో."

"అంటే నాది... అవ్వ పోలికా?"

జాలీ వెనక రాణి ముందు నవ్వింది. ఆపుకోలేని నవ్వు. రాజు అటు కోపంగా చూడబోయి, ఎముకను చూసి, తన ఉత్త కాళ్ళు చూసుకుని తానూ పగలబడి నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి సభ కూడా ధైర్యం చేసింది.

"ఆ అవ్వ పేరేమిటో?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ఈసారి గొంతులో దర్పం లేదు.

"ఎముక ఎత్తు చెబుతుంది ప్రభూ, పేరు చెప్పదు. అది బతికున్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది. ఎవరూ పెట్టుకోలేదు."

రాజు ఆ ఇద్దరినీ వేరువేరుగా సర్ది, మళ్ళీ ఒకే బండకింద ఉంచమని ఆజ్ఞ ఇచ్చాడు. జాలీ తీయించి రాణికి సభలో ఆసనం వేయమన్నాడు. ప్రోలమ మెడలో తన ముత్యాల హారం వేసి, "గెలిచావు. ఇంకేం కావాలో అడుగు" అన్నాడు.

"నా పీట కాళ్ళు కోయించండి ప్రభూ. ఇన్నేళ్ళూ వేలాడీ వేలాడీ నా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

"ఇంతేనా?" అంటూ రాజు మళ్ళీ నవ్వాడు. సభ ముగిశాక పావుకోళ్ళు చేత్తో పట్టుకుని ఆమె పక్కకు వచ్చి, ఎవరూ వినకుండా అన్నాడు:

"వడ్రంగి వచ్చినప్పుడు నా సింహాసనం కాళ్ళు కూడా ఓ బెత్తెడు కొయ్యమను. పట్టాభిషేకం నాటినుంచి నావీ ఆనడం లేదు."