నూనె ఓడ ఎవరిది?

గోదారి సముద్రంలో కలిసేచోట, మడచెట్ల నడుమ పాయలో నీటికుక్కలు, కొంగలు, పీతలు చేపల్ని నమ్ముకుని బతికేవి. ఆ పాయలోంచే నక్క చలమయ్య ఓడ నల్లనూనె మోసేది.

ఒకనాడు పోటు తీసేస్తున్న వేళ, నీళ్లు చాలవని కొంగలు చెబుతున్నా వినకుండా చలమయ్య ఓడను అడ్డదారిన తోలించాడు. అది ఇసుకమేట ఎక్కి అడుగు పగిలింది. పాయంతా నూనె పరుచుకుంది. నీటికుక్క నూకరత్నం ముగ్గురు పిల్లల్లో చిన్నది ఆ నూనెలో మునిగింది. బొచ్చుకు నూనె అంటితే నీటికుక్కకు ఒంట్లో వేడి నిలవదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, తల్లి పొట్ట కిందే, ఆ పిల్ల చలికి వణికి చచ్చిపోయింది. మిగిలిన ఇద్దరు పిల్లలకీ తిందామంటే చేప లేదు.

నూకరత్నం పంచాయితీ పెట్టించింది. ముసలి తాబేలు ముత్తవ్వ తీర్పరి. పాడుచేసినవాడే పాయను కడగాలి, చేప తిరిగొచ్చేదాకా పిల్లల్ని సాకాలి అని నూకరత్నం అడిగింది.

చలమయ్య తొణకలేదు. ఓడ అవతలి లంకలో కుందేలు పేరున ఉందన్నాడు. నూనె ఎలుగుబంటిది, చుక్కాని పట్టింది కోతి, మేట మీదికి తోసింది గాలి. కుందేలును పిలిస్తే ఓడ మొహమే ఎరగనంది. ఎలుగుబంటి తన సరుకు పోయిందని ఏడ్చింది. కోతేమో తనకు చెప్పినవైపు తిప్పానంది. తిలాపాపం తలా పిడికెడు అన్నారు గానీ, ఇక్కడ ఎవరి పిడికిలి విప్పినా ఖాళీయే.

"పోనీ, గాలి మీద ఫిర్యాదు చేసుకోవే రత్నం," అన్నాడు చలమయ్య మీసం దువ్వుతూ.

ఇన్ని పేర్లూ సరుకు మొయ్యడానికి కాదు, ఎవడూ దొరక్కుండా ఉండటానికేనని నూకరత్నానికి అప్పుడు తెలిసింది. వెళ్లి మడకొమ్మ విరిచి ఓడ మొనకు కట్టింది.

దిక్కులేని దుంగో పడవో కొట్టుకొస్తే కొమ్మ కట్టినవాళ్లదే. నాదన్నవాడు అందరి ముందూ ఆ కొమ్మ విప్పుకోవాలి. అది పాయ కట్టుబాటు.

"ముత్తవ్వా, ఇది ఎవరిదీ కాదని వీళ్లే చెప్పారు. అయితే పాయది, పాయ పేరునే కొమ్మ కట్టాను. పీతల్ని రమ్మను, చెక్కలు ఊడదీస్తాం."

పీతలు ఓడెక్కాయి. మొదటి చెక్క పెళ్లున లేచింది. చలమయ్య ఒక్క గెంతున వెళ్లి కొమ్మను పళ్లతో తెంపాడు.

"ఆగండర్రా, కొత్త ఓడ."

"కుందేలుది కదా నాయనా?" అంది ముత్తవ్వ.

"పేరే కుందేలుది. ఓడ నాది."

ముత్తవ్వ తీర్పు చెప్పింది.

"అయితే ఒలికిన నూనె కూడా నీదే. పాయ కడుగు, పిల్లల్ని సాకు; పాయ తేటపడేదాకా ఓడ ఇక్కడే కట్టి ఉంటుంది."

చలమయ్య మోకాళ్ల లోతు బురదలో దిగి మడచెట్ల వేళ్లకంటిన నూనె గీకడం మొదలుపెట్టాడు. నూకరత్నం నవ్వలేదు. ఇద్దరు పిల్లల్నీ చెరో పక్కన పెట్టుకుని, ఒక్కో వేరూ తెల్లబడేదాకా చూస్తూ కూర్చుంది.

లాభానికి యజమాని అయినవాడే నష్టానికీ యజమాని. కాదంటే వాడి ఓడను కదలనివ్వకండి.