మూడోవాడు లేని నాటకం

మందారగిరి అనే ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. ఏలుకుంటూ ఊరుకోవచ్చుగా! ఆయనకు నాటకాల పిచ్చి పట్టింది. తానే ఒక నాటకం రాశాడు, తానే కథానాయకుడు. అందులో పాత్రలు రెండే: గెలిచే రాజు, ఓడే రాజు.

"ఇద్దరితో రక్తి కట్టించడమే గొప్ప. ఇక ఈ మేళమంతా దండగ! రేపు నా నాటకం కాగానే అందరినీ పంపేయండి" అన్నాడు.

ఆస్థాన మేళంలోని నటులు గొల్లుమన్నారు. పిల్లాపాపలతో ఎక్కడికి పోతారు పాపం! ఓడే రాజు వేషం కట్టబోయే విదూషకుడు పేరన్న దగ్గరికి పరుగెత్తారు.

పేరన్నకు ఒళ్లు మండిపోయింది. "ఈయనతో వేగలేక చస్తున్నానర్రా! ఉండండి, చూద్దాం" అన్నాడు.

నేరుగా రాజు దగ్గరికి వెళ్లాడు. "ప్రభూ, మధ్యలో ఏ భటుడో రంగమెక్కాడంటే ఇద్దరి నాటకం కాస్తా ముగ్గురిదవుతుంది. పరువు పోతుంది."

"నిజమే సుమా! నాటకం ముగిసేలోపు మూడోవాడు రంగమెక్కితే తల తీయిస్తాను!" అని రాజు చాటింపు వేయించాడు.

మర్నాడు నాటకం మొదలైంది. రంగం నడుమ అసలు సింహాసనమే వేయించుకున్నాడు ఆ మహానుభావుడు. ఒక పద్యం పాడి, చప్పట్ల కోసం సభ వైపు వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. వెనక్కి తిరిగేసరికి పేరన్న సింహాసనం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏమిటిది? నువ్వు ఓడిపోవాలి. దిగు!" రాజు పళ్లు నూరాడు.

"దిగను. ఓడించుకో."

"ఎవరక్కడ? వీణ్ణి బంధించండి!"

భటులు గుడ్లప్పగించి చూశారు. అది నాటకంలో మాటో, నిజం మాటో వాళ్లకు తెలిసి చావలేదు. ఎక్కితే తల పోతుందాయె!

రాజు తానే పేరన్న చెయ్యి పట్టి లాగాడు. బరువైన కిరీటం జారి ముక్కు మీదికొచ్చింది.

"ఒరేయ్, నేను రాజునురా!"

"నేనూ రాజునే అంటున్నాను ప్రభూ! ఇక్కడ ఉన్నది మనిద్దరమే. మీరే రాజని ఒప్పుకోవడానికి మూడోవాడేడీ?"

రాజు సభలో ఓ మూల దిగాలుగా నిలబడ్డ మేళం వైపు చూశాడు. సంగతి అర్థమై పకపకా నవ్వేశాడు.

"గెలిచావు పో! మేళం ఎక్కడికీ వెళ్లదు" అని తన చేతి కంకణం తీసి, లేచి నిలబడ్డ పేరన్నకు తొడిగాడు.

నటులంతా హమ్మయ్య అనుకున్నారు. అంతలో రాజు, "అయితే ఈసారి మీ అందరితో కలిసి ఆడే నాటకం రాస్తాను" అన్నాడు.

పేరన్న తల పట్టుకుని ఆ సింహాసనం మీదే కూలబడ్డాడు.