పొగకూ సంకల్పం చెప్పండి

రండి తల్లీ, దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకున్న బాబులూ, మీరూ రండి. స్వామివారి గోపురం వెన్నెలలా మెరిసే రోజుల మాట ఇది, మా నాయనమ్మ నోట విన్నది.

ఆ తెలుపంతా మా ఊరి గవరమ్మ తన బట్టీలో సముద్రపు గుల్లలు కాల్చి తీసిన సున్నం. చవకగా వస్తాయని, గోపురం కట్టిస్తున్న రాజావారు బట్టీకి పచ్చికట్టెలే పంపేవారు. ఆ పొగకి ఆమె పెనిమిటి దగ్గి దగ్గి మంచం పట్టాడు. ఎండుకట్టెలు ఇప్పించమంటే, "పొగ మీ ఊరిది, నాకేం సంబంధం?" అన్నారాయన.

గోపురం పూజనాడు పంతులుగారు రాజావారి పేరున సంకల్పం చెప్పబోతుంటే గవరమ్మ చేతులు జోడించింది.

"మహాప్రభో! గుల్లలు ఏరింది జాలరులు, కాల్చింది నేను, గోడకి పూసింది తాపీవాళ్లు. మరి పుణ్యం ఎవరికి?"

"పిచ్చిదానా, చేయించింది నేను. అంతా నాకే!"

"అలాగే బాబూ. పంతులుగారూ, ఆ బట్టీలోంచే పొగ కూడా వచ్చింది. అదీ చేయించినవారి పేరునే, స్వామి వినేలా చెప్పండి."

రాజావారు గర్భగుడివైపు చూశారు. ఆ పొగ పాపం స్వామి ఎదుట తన పేరునే పడుతుందని తోచింది.

"వద్దు పంతులుగారూ," అన్నారు మెల్లగా. "రేపట్నుంచి ఎండుకట్టెలే పంపిస్తాను."

ఆ చలికాలం గవరమ్మ పెనిమిటి బట్టీ పక్కనే కూర్చుని, దగ్గకుండా ఒక కీర్తన మొత్తం పాడాడట!

ఒక్కటి గుర్తుంచుకోండి నాయనా. ఇంటికి ఏ వస్తువొచ్చినా, దాని పొగ ఎవరింట మిగిలిందో గవరమ్మలా అడగండి. పదిమంది చేతా అడిగించండి.