తడిపుల్ల తిప్పిన గుడారాలు

గడ్డికి హద్దు లేని కాలం ఒకటుండేది. ఎటు చూసినా గడ్డి, గడ్డి మీద అడవిదున్నలు, దున్నల వెనకాల అమెరికా మైదానాల షయాన్ తెగ జనం. ఆ జనంలో ఒక ముసలమ్మ ఉండేది. పేరు తడిపుల్ల. పొయ్యికి పనికిరాని పుల్ల పేరు పెట్టారంటే ఆమెను ఎంత లెక్కచేసేవారో మీరే ఊహించుకోండి.

భర్త పోయాడు. పిల్లలు లేరు. ఎర్రవాగు అనే చెల్లెలి కూతురి గుడారంలో ఓ మూల పడుకునేది. దున్నతోలు గుడారానికి పైన పొగ పోయే కంత ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు తోలు రెక్కలు. వాటిని చెవులంటారు. గాలి మారినప్పుడల్లా బయటికెళ్ళి గెడతో చెవులు తిప్పకపోతే పొగంతా లోపలికే తన్నుతుంది. చలిలో ఎవరు లేస్తారు? ఏ గుడారంలోంచైనా ఒకటే కేక.

"తడిపుల్లా, గాలి మారింది చూడు."

ముసలమ్మ లేచేది. గెడ పట్టేది. చెవులు తిప్పేది.

ముందు తెల్లవాళ్ళ బండ్లు వచ్చాయి. తర్వాత కంచెలు వచ్చాయి. దున్నలు పోయాయి. కడుపు మండిన కుర్రాళ్ళు బండ్ల మీద పడ్డారు. ఇళ్ళు తగలబడ్డాయి, అటూ ఇటూ మనుషులు చచ్చారు. ఆపైన గుర్రపు దండు వచ్చింది. ఇక జనానికి గుడారాలు విప్పడం, పారిపోవడం, మళ్ళీ వేయడం. మళ్ళీ విప్పడం. ఎక్కడికని అడగడం పిల్లలు కూడా మానేశారు.

ఒక చలికాలం తెల్లవారేసరికి ఎదురు గుట్ట మీద దండు దిగి ఉంది. వెనకవైపు లోతైన వాగు. అందులో దిగి నడిస్తే పొద్దుగూకేలోపు కొండలు చేరొచ్చు. కానీ గుడారాలు విప్పితే సిపాయిలు చూస్తారు. అలాగే వదిలేస్తే, పొగ రాని గుడారం ఖాళీదని ఎవరికైనా తెలుస్తుంది.

"మీరు పొండి. పొయ్యిలు నేను చూసుకుంటా" అంది తడిపుల్ల.

ఎర్రవాగు చంకలో పసిబిడ్డ ఉంది. "నువ్వూ రా పెద్దమ్మా. నిన్నొదిలి ఎట్లా పోను?"

"నా మోకాళ్ళు వాగు దాకా కూడా రావే. నా నడకతో నడిస్తే నీ బిడ్డ వాళ్ళ చేతికి చిక్కుతుంది. పో తల్లీ."

జనం వాగులోకి దిగారు.

గుట్ట మీద దండు దొర ఫిరంగి కోసం ఎదురుచూస్తున్నాడు. జనం కదిలితే మాత్రం ఆగడు, వెంటపడతాడు. పక్కన వేగువాడున్నాడు. వాడు వేరే తెగవాడు, గుడారంలోనే పుట్టి పెరిగినవాడు. "లోపల ఉన్నారా?" అని దొర అడిగాడు.

ఉత్తరపు గాలి పడమటికి మళ్ళింది. ముసలమ్మ లేచింది. గెడ పట్టింది. గుడారం గుడారానికీ వెళ్ళి చెవులు తిప్పింది. అంత దూరానికి మనిషి కంటికి ఆనదు, చెవులు ఆనుతాయి.

"ఉన్నారు దొరా" అన్నాడు వేగువాడు.

మధ్యాహ్నం గాలి దక్షిణానికి మళ్ళింది. ముసలమ్మ లేచింది. గెడ పట్టింది. చెవులు తిప్పింది.

"ఉన్నారు దొరా."

పొద్దు వాలుతుంటే గాలి మళ్ళీ ఉత్తరానికే వచ్చింది. ముసలమ్మ వెంటనే లేవలేకపోయింది. గెడ మీద బరువంతా వేసి లేచింది. తిప్పింది.

"ఉన్నారు దొరా. ఖాళీ గుడారానికి చెవులు తిప్పే మనిషిని నేనింతవరకూ చూడలేదు."

ఫిరంగి వచ్చింది. దండు దిగింది. ఏ గుడారం చూసినా పొయ్యి మండుతోంది, మనిషి లేడు. చివరి గుడారం ముందు గెడ పట్టుకుని ముసలమ్మ నిలబడి ఉంది.

"అవ్వా, జనమేరీ?" అన్నాడు వేగువాడు.

"గాలి ఎటుందో అడుగు, చెబుతా. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నా నాయనా. కాస్త కూర్చోనీ."

ఆమెను ఎవరూ కొట్టలేదు, కాల్చలేదు. గుడారాలన్నీ తగలబెట్టి వెళ్ళిపోయారు. మంచు పడుతోంది. ఇంకేం చెప్పను? కూర్చున్న ముసలమ్మ మళ్ళీ లేవలేదు.

కొన్నాళ్ళకు ఆ వేగువాడే వచ్చి, తలెత్తకుండా ఈ సంగతి ఎర్రవాగుకి చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం గాలి మారింది. అలవాటుగా ఎవరో కేకేయబోయి ఆగిపోయారు. ఎర్రవాగు లేచింది, గెడ పట్టింది.

ఇప్పటికీ ఆ జనం గుడారం వేస్తే, వాకిలి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలేస్తారు. గాలి మారితే దగ్గరున్నవాళ్ళే లేస్తారు. లేచి, ఆ చోటు వైపు చూసి అంటారు:

"నువ్వు కూర్చో పెద్దమ్మా. నేను తిప్పుతాలే."