మోటారు సైకిల్ కాళ్లకి పసుపు

"తప్పుకోండ్రోయ్! తప్పుకోండి! బ్రేకు పడట్లేదూ!"

వీధి చివర్నించి ఆ కేక వినబడగానే కోళ్లు ఒక పక్కకి, పిల్లలు ఒక పక్కకి, ముసలమ్మలు ఒక పక్కకి పరుగెత్తారు. కేక వెనకాలే మోటారు సైకిల్ వచ్చింది. దాని మీద దాలయ్య, దాలయ్య వెనక గంపనిండా కుండలు. బండి తిన్నగా వెళ్లి, కుండల ఆవం కాల్చడానికి పోగేసిన గడ్డివాములో ముక్కు దూర్చి ఆగింది. దాలయ్యకి ఏమీ కాలేదు. అయిందంతా కుండలకే అయింది.

అనగా అనగా, రాజులు పోయి మోటారు సైకిళ్లు వచ్చిన కాలంలో, కుమ్మరి వీధిలో జరిగిన కథ ఇది. ఆ కాలంలోనూ గాడిదలు మాట్లాడేవి. కాకపోతే వినేవాళ్లు తగ్గిపోయారు.

దాలయ్య కుమ్మరి. అతని భార్య నూకరత్నం. వాళ్ల పెరట్లో ఒక ముసలి గాడిద ఉండేది. దాని పేరు దొరబాబు. పేరుకే దొర, చేసేది మోత పని. బండి రాకముందు ఆ ఇంటి కుండలన్నీ సంతకి చేర్చింది అదే. ఎండలో మోసింది, వానలో మోసింది, వీపు పుండు పడినా మోసింది. బండి వచ్చాక దొరబాబు వీపు మీద బరువు దిగింది. పుండు ఆరింది. హాయిగా నీడన నిలబడి, వీధిలో పోయేవాళ్లని పరామర్శిస్తూ కాలం గడుపుతోంది.

మోటారు సైకిల్‌కి ముందు రెండు కాళ్లుంటాయి, చూశారుగా? షాకులంటాం. తళతళలాడే కడ్డీలు రెండు, గతుకు వచ్చినప్పుడల్లా దిగుతూ లేస్తూ ఉంటాయి. వాటి లోపల నూనె ఉంటుంది. ఆ నూనె పైకి రాకుండా కడ్డీని గట్టిగా పట్టుకుని ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. ఆయిల్ సీలు అంటే అదే. అది తెగిందా, నూనె కారుతుంది. కారిన నూనె బ్రేకు మీద పడుతుంది. బ్రేకు మీద నూనె పడితే ఏమవుతుందో ఇందాకే చూశాం.

మొదటిసారి వానాకాలం బురదకి సీళ్లు పోయాయి. మెకానిక్ వరహాలు కొత్తవి వేశాడు. బండి మళ్లీ పువ్వులా నడిచింది. నూకరత్నానికి సంతోషం పట్టలేదు. "మా కడుపు నింపే తల్లివి, నీ కాళ్లు చల్లగుండాలి" అంటూ గడపకి పూసినట్టు ఆ రెండు కడ్డీలకీ పసుపు ముద్ద దట్టంగా పూసింది. కుంకుమ బొట్లు పెట్టింది. హారతిచ్చింది.

పట్టుమని పక్షం తిరక్కుండా మళ్లీ నూనె కారింది. రెండోసారి వరహాలు మళ్లీ సీళ్లు మార్చాడు. నూకరత్నం మళ్లీ పసుపు పూసింది, ఈసారి ఇంకాస్త మందంగా.

మూడోసారి ఏమైందంటే, గడ్డివాము అయింది.

దాలయ్య ఒంటి మీది గడ్డి దులుపుకుని, బండిని పెరట్లోకి నెట్టుకొచ్చి, ఎప్పట్లాగే ముందు దాన్ని శుభ్రంగా కడిగాడు. మురికి బండి మెకానిక్ ముందు పెట్టడం మర్యాద కాదని అతని నమ్మకం. కడిగాక వరహాలుకి కబురు పెట్టాడు.

వరహాలు సామాన్ల సంచీతో రాగానే దాలయ్య అందుకున్నాడు.

"ఒరే వరహాలూ, కలిసి గోళీలాడుకున్నాం కదరా! నాకే నకిలీ సీళ్లు అంటగడతావా?"

వరహాలు మొహం చిన్నబోయింది. "దాలన్నా, నా తమ్ముడి బండికి వేసిన సీళ్లే నీకూ వేశాను. వాడిది చుక్క కారట్లేదు. నీదెందుకు కారుతోందో నాకూ అంతుపట్టట్లేదు. నకిలీ అని మాత్రం అనకు, అన్నం సహించదు."

"అన్నం సంగతి తర్వాత. ఎల్లుండి బలభద్రశెట్టిగారమ్మాయి పెళ్లి. ఐరేని కుండలు రేపు పొద్దున్నే వాళ్లింటికి చేరాలి. రంగులేసి, ముగ్గులేసి, అదిగో ఆరబెట్టాం. ఒక్క కుండ పగిలినా పెళ్లివారు అపశకునం అంటారు. ఇంక మనకి కుండలు చెయ్యమని చెప్పేవాడుండడు."

"వేస్తాను. ఇంకోసారి వేస్తాను" అన్నాడు వరహాలు.

"ఇదే ఆఖరుసారి. మళ్లీ కారితే బండిని పాతినుముకి తోలేసి, దొరబాబుకే మళ్లీ మోత కడతాను. కారకపోతే దొరబాబుని వచ్చే సంతలో అమ్మేస్తాను. ఇద్దరికీ మేత పెట్టడం నావల్ల కాదు."

"అయ్యో, అదేం మాటయ్యా! మన బతుకంతా మోసిందది" అంది నూకరత్నం.

"మోసింది, కాదనను. ఇప్పుడు మొయ్యట్లేదుగా?"

నీడలో నిలబడ్డ దొరబాబు చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

వరహాలు పనిలో దిగాడు. బండి కింద దిమ్మ పెట్టి ముందు చక్రం ఊడదీశాడు. షాకులు దింపాడు. నల్లబడిన నూనె వంచేశాడు. పాత సీళ్లు పీకి పక్కన పడేశాడు. కడ్డీలు తుడిచి, గోటితో కిందికీ మీదికీ గీసి చూశాడు. ఎక్కడా గీత లేదు, తుప్పు లేదు. బ్రేకు మీది నూనె అంతా కడిగి, పాడైన బ్రేకు ముక్కలు మార్చాడు. కొత్త సీళ్లకి నూనె రాసి, పసిపిల్లకి గాజులు తొడిగినట్టు మెల్లగా దించాడు. అన్నీ బిగించేసరికి పొద్దు వాలింది.

నూకరత్నం లోపలికెళ్లి గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది.

దొరబాబు ఆ గిన్నె చూసింది. దానికి పాత సంగతి గుర్తొచ్చింది. పండగ వస్తే చాలు, నూకరత్నం దాని మోకాళ్లకి కూడా ఇలాగే పసుపు పూసేది. అది ఎండి పెచ్చు కట్టేది. మోకాలు మడిచినప్పుడల్లా ఆ పెచ్చు ఇసకలా కోసేది. దొరబాబు నాలుకతో నాకి వదిలించుకునేది. మరి బండికి నాలుకేదీ?

విషయం బోధపడింది. బోధపడ్డాకే అసలు చిక్కు వచ్చింది.

"నోరు మూసుకుంటే చాలు" అనుకుంది దొరబాబు. "బండి మళ్లీ కారుతుంది. ఇంట్లో నా చోటు నాకుంటుంది. నోరు విప్పితే సంతలో నా మెడకి ఎవరి తాడో!"

అంతలో వీపు మీద ఈగ వాలింది. దొరబాబు చర్మం విదిల్చింది. ఒకప్పుడు ఈగ వాలితే ప్రాణం పోయేది, అక్కడ పచ్చిపుండు ఉండేది. ఇప్పుడు అక్కడ వెంట్రుకలు మొలిచాయి. ఆ పుండు మాన్పింది ఎవరు? ఈ బండే కదా! తన బరువు మోస్తున్న బండి కాళ్లు అక్కడ కోతపడుతున్నాయి. మాటపడ్డ వరహాలు తల వంచుకుని చేతులు తుడుచుకుంటున్నాడు.

దొరబాబు ఇంక ఉండబట్టలేకపోయింది.

"అమ్మా! ఆ చెయ్యి ఆపు."

నూకరత్నం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పసుపు ఎండితే పెచ్చు కడుతుందమ్మా. నా మోకాళ్లనడుగు, చెబుతాయి. ఆ కడ్డీ దిగినప్పుడల్లా ఆ పెచ్చు రబ్బరు కిందికి దూరి కోస్తోంది. నమ్మకపోతే పాత సీలు తిప్పి చూడండి."

వరహాలు పక్కన పడేసిన సీలు తీసి, తుడిచి, వెలుగుకి పట్టాడు. లోపలి అంచు చుట్టూ సన్నటి పసుపు గీత. ఆ గీత వెంబడే రబ్బరు పళ్లు పళ్లుగా తెగి ఉంది.

"అమ్మ దొరబాబూ!" అన్నాడు వరహాలు. "పీకి పారేయడమే గాని ఇన్నాళ్లూ లోపలి అంచు చూసిన పాపాన పోలేదు నేను."

దాలయ్య గొంతు తగ్గింది. "చూసినా ఏం కనబడుతుందిలే. నువ్వొచ్చేముందు కడ్డీల మీది పసుపంతా నేనే కడిగేసేవాణ్ణి. ఊరికే నిన్ను మాటన్నాను తమ్ముడూ. మనసులో పెట్టుకోకు."

నూకరత్నం కొంగుతో కళ్లొత్తుకుంది. "నా చేతులతో నేనే దాని కాళ్లు కోశానా!"

"నువ్వు పూసింది ప్రేమేనమ్మా" అంది దొరబాబు. "చోటు తప్పింది, అంతే. బొట్టు బండి దీపం పైన పెట్టు. కాళ్లు మాత్రం తడిగుడ్డతో తుడువు. దానికి అదే పూజ."

నూకరత్నం అలాగే చేసింది. పెద్ద దీపం నెత్తిన ఒకే ఒక్క బొట్టు పెట్టింది. చూస్తే బండి నవ్వుతున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే దాలయ్య ఐరేని కుండల్ని గడ్డిలో పొదిగి బండికి కట్టుకుని బయల్దేరాడు. వీధి మలుపులో గొయ్యి వచ్చింది, బండి కాళ్లు మెత్తగా దిగి లేచాయి. కాలవ గట్టు మీద రాళ్లు వచ్చాయి, కుండలు కిమ్మనలేదు. శెట్టిగారి వాకిట్లో మేకపిల్ల అడ్డమొచ్చింది, బ్రేకు టక్కున పడింది. కుండ మీది ముగ్గు కూడా చెదరలేదు. దాలయ్య దిగి కడ్డీ మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలు పొడిగా ఉంది.

శెట్టిగారు కుండలు చూసి మురిసిపోయి, బూరెలు, పులిహోర, గుమ్మడికాయ కూర బుట్టలో సర్దించి పంపారు.

ఇంటికొచ్చాక దాలయ్య వరహాలుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టి, తనే వడ్డించాడు.

"ఇప్పుడు అన్నం సహిస్తుందట్రా?"

"అన్నం దాకా ఎందుకు, ముందు ఆ బూరెలిటు తోయి దాలన్నా!"

నూకరత్నం తవుడు కలిపిన బొక్కెన దొరబాబు ముందు పెట్టి, మొగుడి వైపు చూసింది. "మరి సంత సంగతేంటయ్యా?"

"ఏం సంత? ఏ సంతా లేదు" అన్నాడు దాలయ్య. "దీన్ని అమ్మేస్తే, రేపు నా తప్పు నాకెవరు చెబుతారు?"

దొరబాబు బొక్కెనలోంచి తలెత్తకుండానే చెవులాడించింది. పక్కనే బండి, పొడి కాళ్లతో నీడన నిలబడింది. దాలయ్య, నూకరత్నం కూడా విస్తళ్లు వేసుకుని కూర్చున్నారు. అందరూ కలిసి కడుపునిండా తిన్నారు.

మేలు చేసినవారికి కృతజ్ఞత చూపేటప్పుడు మన ముచ్చట తీరితే చాలదు, వారికి సుఖంగా కూడా ఉండాలి.